మోకాళ్ళు వేసిన ఓటు

నా పెళ్ళిలో నేను పీటల మీద నుంచి లేచి నిలబడ్డాను. తలంబ్రాలు అయిపోయాయి, నా కొంగుకూ వరుడి కండువాకూ ముడి వేశారు, పంతులు గారు ఇంకేదో మంత్రం చదువుతున్నారు. డోర్నకల్ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చిన మా బంధువులంతా అక్షింతలు పట్టుకుని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు పందిట్లోకి మా దవాఖాన పెద్ద సర్జన్ గారు వచ్చారు. అంతే, నేను నిటారుగా లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, "గుడ్ మార్నింగ్ సర్" అన్నాను. ముడి బిగుసుకుని వరుడు కూడా సగం లేచాడు. కండువా మెడకు పడి ఆయనకు దగ్గొచ్చింది.

"కూసో, కూసో. ఇయ్యాల నీకు డ్యూటీ లేదు" అని సర్జన్ గారు నవ్వారు. పందిరంతా నవ్వింది. మా అమ్మ మాత్రం తల కొట్టుకుంది. "పెండ్లయిన గడియల్నే నన్ను గుంజి లేపినవ్" అని మా ఆయన ఈనాటికీ ఎవరింటికి పోయినా చెబుతూనే ఉంటాడు. ఆయన కాజీపేట రైల్వేలో గుమాస్తా. చెప్పిందే చెప్పడంలో ఆయనకు విసుగు లేదు.

ఇందులో నా తప్పు కొంచెమే. డెబ్భైల మొదట్లో నేను వరంగల్‌లో నర్సింగ్ ట్రైనింగులో చేరినప్పుడు మొదట నేర్పింది ఇంజెక్షన్ కాదు, బెడ్ వేయడం కాదు, లేవడం. డాక్టర్ వార్డులో కాలు పెట్టగానే నర్సు కుర్చీలోంచి లేవాలి, కేసు షీట్లు తీసుకోవాలి, ఆయన వెనకాలే నడవాలి. అసలు వార్డుకు ఒకే కుర్చీ. అది డాక్టర్ గారిది. ఆయన లేనప్పుడు మేము దాని మీద కూర్చుంటే దొంగతనంగా కూర్చున్నట్టే ఉండేది. ఒక చెవి ఎప్పుడూ వరండాలో బూట్ల చప్పుడు మీదే. మాకది నేర్పిన ట్యూటరమ్మ హన్మకొండ ఆమె, సాయిబుల ఇంటి ఆడపడుచు, తెలుగూ ఉర్దూ కలిపి తిట్టేది. ఎవరైనా లేవడం ఆలస్యమైతే, "ఏమే, కుర్చీకి అతుక్కపోయినవా? గోంద్ గీంద్ పూసిన్రా?" అనేది. నేనెప్పుడూ ఆ మాట పడలేదు. లేవడంలో నేను బ్యాచ్ ఫస్టు. చదువులో కాదు.

తర్వాత నేను కూడా ట్యూటర్‌నయ్యాను. ఎనభైలు వచ్చేసరికి ఆ ట్యూటరమ్మే మాకు ప్రిన్సిపాల్ మేడమ్. మా నర్సింగ్ కోర్సు విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. దాంతో మాకు గౌరవం పెరిగిందని అందరూ అన్నారు. నాకు కనిపించిందల్లా కాగితాలు పెరగడం. ఏ గదిలో క్లాసు, ఏ నెలలో పరీక్ష, పిల్లలు ఎంతసేపు వార్డులో ఉండాలి, అన్నీ అక్కడ పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు నిర్ణయించేవాళ్ళు. వాళ్ళలో కామర్సు ఆయన ఉన్నాడు, చరిత్ర ఆయన ఉన్నాడు, మా పెద్ద సర్జన్ గారితో కలిపి డాక్టర్లున్నారు. నర్సు మాత్రం లేదు.

దీని మీద మా స్టాఫ్ రూములో నేను పులిని. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూనే మొదలుపెట్టేదాన్ని. "మన పిల్లల సంగతి మనల్ని అడగరా? మనకు నోరు లేదా?" అని చింతకాయ పచ్చడి కలుపుతూ గర్జించేదాన్ని. తోటి ట్యూటర్లు తలలూపేవాళ్ళు. విని విని విసిగిపోయి ఊపారని నాకు తర్వాత తెలిసింది. ఎందుకంటే విశ్వవిద్యాలయం వాళ్ళు ఒకరోజు ఉన్నట్టుండి, ఆ కమిటీలో నర్సింగు వాళ్ళకూ ఒక కుర్చీ ఇస్తాం, ఒకరిని పంపండి అన్నారు. స్టాఫ్ రూములో అందరి వేళ్ళూ నా వైపే తిరిగాయి.

"నువ్వే పో" అంది ప్రిన్సిపాల్ మేడమ్. "రోజు మా చెవులు తింటవ్ గదా. ఇగ జర వాళ్ళయి తిను."

ఆ కుర్చీ ఊరికే రాలేదు. దాని వెనకాలే ఒక ప్రతిపాదన కూడా వచ్చింది. పెద్ద సర్జన్ గారిదే. ఇకమీదట నర్సింగ్ పిల్లలు పొద్దున్నుంచి వార్డు డ్యూటీలోనే ఉండాలి, పాఠాలు మధ్యాహ్నం వీలున్నప్పుడు చెప్పుకోవచ్చు. ఆ 'వీలున్నప్పుడు' అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. అంతకుముందు ఏడాది నర్సులు చాలడం లేదని నోటిమాటగా అట్లాగే నడిపారు. మధ్యాహ్నానికి కొత్త రోగులు వస్తారు, పిల్లలను వార్డు వదలదు, ట్యూటర్లం ఖాళీ గదిలో చాక్‌పీసు పట్టుకుని కూర్చుంటాం. ఆ ఏడాది పరీక్షల్లో మా పిల్లలు చాలామంది ఫిజియాలజీలో పోయారు. ఇప్పుడు దాన్నే రూలు చేస్తామంటున్నారు.

అట్లా ఫిజియాలజీ పోయినవాళ్ళలో ఒక పిల్ల ఉంది. ఎనుమాముల అవతల పల్లె. నాయన మార్కెట్ యార్డులో హమాలీ. వార్డులో చేయి మంచిది, రోగులు ఆ పిల్ల పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నేను కమిటీకి పోతున్నానని తెలిసి వరండాలో ఆపింది.

"మేడం, పొద్దటి క్లాసులు తీసేస్తరట గదా. పోయినేడు గట్లనే సదువుకోలేకపోయిన. ఈసారి గూడ పోతే మా నాయిన సదువు సాలిస్తనంటాండు. పత్తి ఏర రమ్మంటాండు."

"నేనున్న గదా. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, పక్కన ఎవరైనా ఉంటే నాకు ఓటేసి ఎమ్మెల్యేను చేసేవాళ్ళు.

మీటింగు కోసం ఇంగ్లీషులో ఉపన్యాసం రాసుకున్నాను. అద్దం ముందు నిలబడి చదువుతుంటే మా ఆయన చూసి, "అంత ఇంగ్లీషు ఎందుకే, వాళ్ళు గూడ వరంగలోళ్ళే గదా" అన్నాడు. వినలేదు. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని రిక్షా ఎక్కాను.

ఆ హాలులో చేతులున్న కుర్చీలు. మెత్తలు కూడా ఉన్నాయి. అట్లాంటి దాంట్లో నేను అంతకుముందు కూర్చోలేదు. కూర్చున్నదాన్ని కూడా తలుపు పక్కనే, అంచు మీద కూర్చున్నాను. అటెండరు చాయ్ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాడో లేదో, నా చేతులు ఆగలేదు. లేచి కప్పులు అందించడం మొదలుపెట్టాను. ఎవరూ వద్దనలేదు. కామర్సు ఆయన ముఖం కూడా ఎత్తకుండా, "చక్కెర తక్కువ సిస్టర్" అన్నాడు.

అధ్యక్షుల వారు ప్రతిపాదన చదివారు. ఫిజియాలజీ ప్రొఫెసర్ ఒక్కాయన, పాపం మెత్తనివాడు, పాఠాలు దెబ్బతింటాయేమో అని గొణిగాడు. అధ్యక్షులు "ఇంకెవరైనా మాట్లాడతారా?" అని అడిగారు. ఆ సమయానికి నర్సింగ్ ప్రతినిధి ఏం చేస్తోంది? ఖాళీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టి ట్రేలో సర్దుతోంది. ఉపన్యాసం సంచిలో భద్రంగా ఉంది.

నేను వచ్చి కూర్చునేసరికి, "అయితే ఓటింగు పెడదాం. అనుకూలంగా ఉన్నవాళ్ళు లేచి నిలబడండి" అన్నారాయన. ఆయన పద్ధతి అది. చేతులెత్తమంటే కొందరు సగం ఎత్తి, తర్వాత తల గోక్కున్నామని అంటున్నారట. నిలబడితే ఆ అనుమానం ఉండదని ఆయన నమ్మకం. ఆయనకు నర్సుల సంగతి తెలియదు.

ఎవరూ లేవలేదు. ఒకరినొకరు చూసుకున్నారు. నర్సింగు సంగతి కాబట్టి అందరూ చివరికి నా వైపు చూశారు. నేను గట్టిగా కూర్చున్నాను. లోపల భలే గర్వంగా కూడా ఉంది. అంతలో తలుపు తెరుచుకుంది. ఆపరేషన్ ముగించుకుని, నుదుటి మీద టోపీ అచ్చు ఇంకా పోకుండా, పెద్ద సర్జన్ గారు లోపలికి వచ్చారు.

నా మోకాళ్ళు లేచాయి. నేను లేచానని చెప్పను, మోకాళ్ళే లేచాయి. మిగిలిందంతా వాటి వెంట పోయింది. చేతులు వెనక్కి పోయాయి. "గుడ్ మార్నింగ్ సర్" అనడం కూడా అయింది.

"ఇగ నర్సింగోళ్ళే ఒప్పుకున్నంక మనదేముంది" అంటూ కామర్సు ఆయన లేచాడు. చరిత్ర ఆయన లేచాడు. గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాయన కూడా లేచాడు. ఆఖరుకు ఫిజియాలజీ ఆయన, నన్ను వింతగా చూస్తూ, తనూ లేచాడు. "ఏకగ్రీవం" అన్నారు అధ్యక్షులు. సర్జన్ గారు నా దగ్గరికి వచ్చి, "నువ్వు అర్థం చేసుకుంటవని నాకెర్కే. వార్డు కష్టం తెలిసినదానివి" అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. నా నోట్లోంచి వచ్చిన మాట "యెస్ సర్".

ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే మొదట పడి పడి నవ్వాడు. "పెండ్లి నాడు ఒక్కన్నే లేపినవ్, ఇయ్యాల కమిటీ మొత్తాన్ని లేపినవా?" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేసి, అన్నం తనే వడ్డించాడు. నాకు ముద్ద దిగలేదు. సిగ్గుతో కాదు, సిగ్గు నాకు అలవాటే. ఆ హమాలీ కూతురికి ఏం చెప్పాలో తోచలేదు.

మర్నాడు చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "సరే మేడం" అని వార్డుకు పోయింది. ఆ 'సరే' నన్ను రోజంతా గిచ్చింది.

ప్రిన్సిపాల్ మేడమ్ అంతా విని, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది. తర్వాత, "మీకు లేవడం నేర్పిన. కూసోవడం నేర్పలే. నాది గూడ గల్తి ఉంది" అంది. వచ్చే మీటింగులో పాత మీటింగు తీర్మానాలు చదివి అందరి ఒప్పుదల అడుగుతారని, తప్పుంటే అప్పుడు చెప్పవచ్చని వివరించింది. "చెప్పు. మల్ల ఓటు పెట్టుమను. గని ఈసారి ఎవ్వలొచ్చినా, ఎవ్వలు లేసినా, కూసోనుండాలె. కూసుంటవా?"

"కూసుంట మేడం."

"ఏదీ, చూస్త." ఆమె తన గదిలోంచి బయటికి పోయి, తలుపు వేసుకుని, మళ్ళీ తెరుచుకుని లోపలికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. "కూసో" అంది. మళ్ళీ పోయింది, వచ్చింది. మళ్ళీ లేచాను. చేతులతో కుర్చీ పట్టుకుని చూశాను, కుర్చీతో సహా కొంచెం లేచాను. "నేను ప్రిన్సిపాల్‌ను కాదనుకో. స్వీపరమ్మను అనుకో" అంది. ఆమె నడకే వేరు, ఎట్లా అనుకోను? పోయి వచ్చి ఆమెకు ఆయాసం వచ్చింది. "యా అల్లా, నా మోకాళ్ళు అరిగినయ్ గని నీయి ఆగుతలెవ్వు" అని కూలబడింది. చివరికి అల్మారాలోంచి లావుపాటి ఫిజియాలజీ పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. ఆ బరువుకు ఒక్కసారి లేవకుండా ఉండగలిగాను. ఇద్దరం పరీక్ష పాసైనంత సంబరపడ్డాం.

అదే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రెండో మీటింగులో కూర్చున్నాను. సర్జన్ గారు ఈసారి ముందే వచ్చారు, సరిగ్గా నాకు ఎదురుగా. చాయ్ వచ్చింది. పుస్తకం కింద నా చేతులు దాచుకున్నాను. అటెండరు నన్ను రెండుసార్లు చూసి, ఇక తప్పదని తనే కప్పులు పంచాడు. అధ్యక్షులు పాత తీర్మానాలు చదువుతూ, వార్డు డ్యూటీ ప్రతిపాదన దగ్గరికి వచ్చి, "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. అంతేగా?" అన్నారు.

నేను లేచాను. పుస్తకం సంగతి మరచిపోయాను. అది నేల మీద దబ్బున పడింది. కునుకు తీసే ఆయన ఉలిక్కిపడి లేచాడు. అధ్యక్షులు తలుపు వైపు చూశారు. మిగతావాళ్ళూ చూశారు.

"ఎవరొచ్చారమ్మా?"

"ఎవరూ రాలేదు సర్. నేను మాట్లాడదామని లేచాను."

ఇంగ్లీషు ఉపన్యాసం మొదటి ముక్క కూడా గుర్తు రాలేదు. "సర్, అది ఏకగ్రీవం కాదు. నేను లేచింది ప్రతిపాదనకు కాదు. సర్జన్ సార్ లోపలికొచ్చిన్రని లేచిన. మాకు అట్ల లేవడం అలవాటు" అన్నాను తెలుగులోనే.

హాలంతా నవ్వు. నా చెవులు మండాయి. సర్జన్ గారు కూడా నవ్వి, "అది నిజమే. ఈమె పెండ్లిల గూడ నన్ను చూసి పీటల మీదికెల్లి లేసింది. నేను సాక్ష్యం" అన్నారు. ఇంకా నవ్వారు. ఇరవై ఏళ్ళ పిల్లగా ఉన్నప్పుడు సిగ్గుపడిన ముచ్చట ఆ బల్ల మీద సాక్ష్యంగా పనికొచ్చింది. ఫిజియాలజీ ఆయన మాత్రం నవ్వకుండా పుస్తకం తీసి దుమ్ము దులిపి నా చేతికిచ్చాడు. దాన్ని గుండెలకు ఆనించుకుని మిగతాది చెప్పాను. పోయినేడు ఖాళీ గదుల్లో కూర్చున్న సంగతి చెప్పాను. ఆ పిల్ల వరండాలో అన్న మాట, పత్తి ఏరడానికి పోవాల్సి వస్తుందన్న మాట, ఉన్నదున్నట్టు చెప్పాను.

సర్జన్ గారి నవ్వు పోయింది. "మరి వార్డుల రోగులనెవ్వలు చూడాలె? నీకు తెల్వదా?"

తెలుసు. ఆయన అన్నది అబద్ధం కాదు. ఆపరేషన్ అయిన మనిషి దాహం దాహం అంటుంటే తడిగుడ్డతో పెదవులు అద్దేవాళ్ళు లేక సర్జన్ గారు ఎంత అరిచేవారో నాకంటే ఎవరికి తెలుసు? "తెలుసు సర్. నేను మీ వార్డులనే పెరిగిన. పొద్దున పాఠం అయినంక పంపిస్తం. గని నర్సులు లేరని ఈ పిల్లల్ని ఫెయిల్ చేపిస్తే, రేపు గూడ నర్సులుండరు."

అధ్యక్షులు కళ్ళద్దాలు తుడుచుకుని, "సరే, మళ్ళీ ఓటు పెడతాను. కూర్చోమ్మా. అనుకూలంగా ఉన్నవాళ్ళు లేవండి" అన్నారు.

సర్జన్ గారు లేచారు. నాకు ఎదురుగా, నిటారుగా, నా కళ్ళల్లోకి చూస్తూ.

డాక్టర్ నిలబడి ఉండగా నేను కూర్చుని ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి. పిక్కలు బిగుసుకున్నాయి. మడమలు నేలను తన్నుతున్నాయి. పుస్తకాన్ని ఒక చేత్తో, కుర్చీ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు అవమానం చేస్తున్నానేమో అనిపించింది. ఏడుపు వచ్చేంత భయం వేసింది. అయినా కూర్చున్నాను.

అందరూ మళ్ళీ నన్నే చూశారు. కామర్సు ఆయన సగం లేచి, నేను కదలకపోవడం చూసి, ప్యాంటు సర్దుకుంటున్నట్టు నటించి కూర్చున్నాడు. నిలబడ్డా తప్పించుకునే దారి ఉందని అధ్యక్షుల వారికి ఆ రోజు అర్థమై ఉంటుంది. ఇంకెవరూ లేవలేదు. ప్రతిపాదన వీగిపోయింది. సర్జన్ గారు మెల్లగా కూర్చున్నారు.

మీటింగు అయ్యాక నేను ఆయన ముఖం చూడలేక సంచి సర్దుకుంటున్నాను. "ఏం సిస్టర్, లేవడం బంద్ జేసినవ్. చాయ్ ఇచ్చుడు గూడ బంద్ జేసినవా?" అన్నారాయన వెనక నుంచి. నేనేం చేశానో చెబితే ఇప్పటి ఆడపిల్లలు నన్ను వెలేస్తారు. చాయ్ పోసి ఇచ్చాను. చక్కెర కూడా సరిగ్గా వేశాను.

ఆ ఊపులో మర్నాడు క్లాసుకు పోయి, "ఇకనుంచి నేనొస్తే ఎవరూ లేవొద్దు. అలవాటైతే పోదు" అని ప్రకటించాను. పిల్లలు బిత్తరపోయారు. ఆ తర్వాతి రోజు నేను గదిలోకి వచ్చేసరికి ఒక్కరంటే ఒక్కరు లేవలేదు. నాకెంత ఒళ్ళు మండిందంటే, ఇంత మర్యాద లేకుండా తయారయ్యారేమిటని నోటిదాకా వచ్చింది. హమాలీ కూతురు నా ముఖం చూసి, "మీరే వద్దన్నరు గదా మేడం" అంది. "అన్న. పుస్తకం తియ్యి" అని పాఠం మొదలుపెట్టాను.

ఆ ఏడు పొద్దటి క్లాసులు ఒక్కటీ పోలేదు. ఫలితాలు వచ్చిన రోజు ఆ పిల్ల నాయన కాలేజీకి వచ్చాడు. వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. యార్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి మీది మిరప ఘాటుకు అటు పోయినవాళ్ళంతా తుమ్ముతున్నారు. నన్ను చూడగానే తలగుడ్డ తీసి లేచి నిలబడ్డాడు.

"బిడ్డ పాసైందంటాండ్రు, నిజమేనా అమ్మా?"

"నిజమే. కూసో పెద్దయ్యా."

"మీరు నిలవడ్డంక నేనెట్ల కూసుంట?"

"నువ్వు నిలవడ్డంక నేనెట్ల కూసోవాలె?" అన్నాను. అంతలేసి పెద్ద మనుషుల ముందు కూర్చుని వచ్చిన నాకు ఆయన ముందు కాళ్ళు వంగలేదు. ఇద్దరం బెంచీకి చెరో పక్క నిలబడి, కండ్లు తుడుచుకుంటూ తుమ్ముతూ ఉన్నాం. నావి మిరప ఘాటుకు మాత్రమే వచ్చిన నీళ్ళు కావు.

లోపల్నుంచి ఆ పిల్ల వచ్చింది. మా ఇద్దరినీ చూసింది. "ఏంది గట్ల నిలవడ్డరు, జర కూసోండ్రి" అని మా ఇద్దరికంటే ముందు తనే బెంచీ మధ్యలో కూర్చుంది.